పొద్దుటి గాలి అమ్మది, మధ్యాహ్నపు గాలి నాది

మీరు అడిగింది ఇది: అమ్మకు ఎనభై ఒకటి, వేసవి రెండు నెలలూ ఆమె దగ్గరే ఉండాలి, మీకేమో చిన్న తెరచాప పడవ ఉంది. ఆమెను చూసుకుంటూనే తీరిగ్గా పడవ నడుపుకోవడం కుదురుతుందా, లేక అది స్వార్థమా?

కుదురుతుంది. రెండేళ్ల కిందట నేను అలాగే గడిపాను. ఇక స్వార్థం అంటారా, కొంత ఉంది. దాన్ని దాచబోతేనే చిక్కు.

నేను దాచబోయాను. "నీతో గడపాలని వచ్చానమ్మా" అంటూ ఇంట్లో అడుగుపెట్టాను గానీ, పడవ నాకంటే రెండు రోజుల ముందే రేవుకు చేరింది. మూడో రోజు నేను మెల్లగా చెప్పులు వేసుకుంటుంటే అమ్మ వెనుక నుంచి అడిగింది: "నువ్వు వచ్చింది నాకోసమా, దానికోసమా?" కాసేపు నీళ్లు నమిలి, "రెండింటికీ" అన్నాను. "ఆ మాట దిగిన రోజే చెప్తే పోయేదిగా" అని పుస్తకం తెరుచుకుంది. అప్పటి నుంచి దొంగచాటుగా బయటికి జారుకునే అవసరం లేకపోయింది. మీరు మాత్రం వెళ్లకముందే ఫోన్‌లో చెప్పేయండి.

ఇక రోజును ఎలా పంచుకోవాలి అన్నదానికి గాలే దారి చూపింది. వేసవిలో సముద్రతీరాన గాలికి ఒక దినచర్య ఉంటుంది. ఎండకు నేల త్వరగా వేడెక్కుతుంది, నీరు నిదానంగా వేడెక్కుతుంది. నేల మీది వేడి గాలి పైకి లేస్తూ ఉంటే, నీటి మీది చల్లగాలి ఆ చోటులోకి వచ్చి చేరుతుంది. అందుకే పొద్దున్నే నీళ్లు కదలకుండా పడి ఉంటాయి. పదకొండు దాటాక సన్నగా గాలి మొదలై, రెండు మూడు గంటలకు బలం పుంజుకుని, పొద్దువాలే వేళకు అణిగిపోతుంది. మబ్బు పట్టిన రోజున, దూరాన తుపాను వాతావరణం ఉన్న రోజున ఈ లెక్క నడవదు.

అమ్మ దినచర్య దీనికి సరిగ్గా తిరగేసి ఉంటుంది. ఆమెకు పొద్దున ఏడు నుంచి పది దాకా మంచి హుషారు. మధ్యాహ్నం ఒంటిగంటన్నర నుంచి మూడున్నర దాకా నిద్ర. ఇంకేం కావాలి? పొద్దుటి గాలి అమ్మది, మధ్యాహ్నపు గాలి నాది అని పంచుకున్నాం. వారం రోజుల్లో అది అలవాటైపోయింది.

నా పడవ లేజర్ రకం. బ్రూస్ కర్బీ అనే కెనడా ఆయన 1969లో ఫోన్లో మాట్లాడుతూ కాగితం మీద గీసిన బొమ్మ నుంచి పుట్టిన పడవ అది. నాలుగు మీటర్ల పైచిలుకు పొడవు, దాదాపు ఏడు చదరపు మీటర్ల తెరచాప, నడిపేది ఒక్కరే. గాలి కొంచెం జోరుగా వీచినా, మనం కొంచెం ఏమరుపాటుగా ఉన్నా బోర్లాపడుతుంది. పడితే అడుగున దిగే పలక మీద నిలబడి బరువు వేసి లేపుకోవాలి. అందులో ఎనభై ఏళ్ల మనిషిని ఎక్కించాలన్న ఆలోచనే వద్దు. మీది కూడా అలాంటి తేలికపాటి పడవే అయితే అది మీకు మాత్రమే.

అమ్మకోసం తెలిసినవారి పడవ అడిగి తీసుకున్నాను. సుమారు ఆరు మీటర్లు, అడుగున బరువైన ఇనుప కీల్ (పడవ కింద నీళ్లలోకి దిగి ఉండే రెక్క), లోపల కూర్చోవడానికి రెండు వైపులా లోతైన బల్లలు. ఆ బరువు అడుగున ఉండటం వల్ల పడవ ఒరిగినా మళ్లీ తనంతట తానే నిలబడుతుంది. పడవ యజమాని కూడా మాతో వచ్చేవారు. అది మొహమాటానికి కాదు, రెండో మనిషి తప్పనిసరి. ఒకరు పడవ చూసుకుంటే ఒకరు అమ్మను చూసుకోవాలి. నేను రెండూ చేయగలననుకున్న రోజు ఒకటి ఉంది, దాని గురించి ఎక్కువ చెప్పను. తాడు సర్దుకుంటూ వెనక్కి తిరిగి చూస్తే ఆమె టోపీ నీళ్లలో తేలుతోంది. టోపీయే కాబట్టి సరిపోయింది.

అసలు కష్టం నీళ్ల మీద కాదు, ఎక్కడం దిగడం దగ్గర. స్థిరంగా కట్టిన రేవుగట్టు అయితే, నీరు తగ్గినప్పుడు పడవ కిందికి దిగిపోయి మధ్యలో మెట్టంత ఎత్తు పడుతుంది. తేలే గట్టు అయితే నీటితోపాటు అదీ లేస్తుంది, దిగుతుంది కాబట్టి ఎప్పుడైనా ఒకే ఎత్తు. మాకు ఉన్నది మొదటి రకం. అందుకని పోటు నిండుగా ఉన్న వేళకే ఎక్కించేవాళ్లం. ముందూ వెనుకా రెండు తాళ్లతో పడవను బిగించి, ఒకరు గట్టు మీద, ఒకరు పడవలో నిలబడతాం. అమ్మ గట్టు అంచున కూర్చుని, కాళ్లు లోపలికి తిప్పి, పడవ మధ్యలో అడుగు పెడుతుంది. ఆమె చెయ్యి పట్టి లాగకూడదు. మన ముంజేతిని ఊతకర్రలా చాపి ఉంచితే ఆమె తనకు కావలసినంత పట్టుకుంటుంది. మొదటిసారి నేను లాగాను. "నేను బస్తాను కాను" అని చెప్పింది.

లైఫ్ జాకెట్ విషయంలో పీనాసితనం వద్దు. ఈతగాళ్లు వేసుకునే 50 న్యూటన్ల (మనిషిని నీటిలో తేల్చే బలానికి కొలత) రకం ముసలివారికి చాలదు, అది ఈదడానికి సాయం చేస్తుందే గానీ మనిషిని వెల్లకిలా తిప్పదు. 150 న్యూటన్లది, నీళ్లలో పడగానే తనే గాలి నింపుకునేది తీసుకోండి, కాళ్ల మధ్యగా వచ్చే పట్టీతో సహా. ఆ పట్టీ లేకపోతే జాకెట్ మీదికి జారి ముఖానికి అడ్డం వస్తుంది. గట్టు మీద ఉండగానే వేయించండి, పడవలోకి వెళ్లాక కాదు.

పెద్ద తెరచాప ఎత్తకుండా ముందు తెరచాప ఒక్కటే విప్పేవాళ్లం. వేగం సగానికి పడిపోతుంది, పడవ ఒరగదు, అన్నిటికంటే ముఖ్యంగా తెరచాప అడుగున ఉండే అడ్డకర్ర తల మీదుగా విసురుగా తిరగదు. ఒకవేళ రెండూ ఎత్తినా, వెనుక గాలిలో పడవను తిప్పే పని పెట్టుకోకండి. అడ్డకర్ర ప్రమాదాలు ఎక్కువగా అక్కడే. కొంచెం చుట్టూ తిరిగైనా గాలికి ఎదురుగా తిప్పుకోండి. తిప్పే ముందు ప్రతిసారీ గట్టిగా చెప్పండి. అమ్మకు ఎడమ చెవి సరిగ్గా వినబడదు. నేను రెండుసార్లు ఆ వైపు నుంచే చెప్పి, వినలేదని విసుక్కున్నాను.

దాహం సంగతి. వయసు పెరిగే కొద్దీ దాహం తెలియడం తగ్గుతుంది, నీటి మీద ఎండ రెండు వైపులా కొడుతుంది. అడిగితే "వద్దు" అంటారు, అందుకే అడక్కుండా గడియారం చూసి గ్లాసు చేతికి ఇవ్వడమే. దీనికి ఒక మెలిక ఉంది. రక్తపోటుకు ఇచ్చే మాత్రల్లో కొన్ని మూత్రం ఎక్కువ వచ్చేలా చేస్తాయి. అమ్మ నీళ్లు వద్దనడానికి అసలు కారణం అదేనని నాకు రెండో వారంలో తెలిసింది, అదీ ఆమె చెప్పలేదు, నేనే ఊహించాను. అప్పటి నుంచి నలభై నిమిషాలకు మించి నీటి మీద ఉంచలేదు. కడుపు తిప్పుతుందేమోనని మాత్ర కొనబోతారేమో, ముందు ఆమె డాక్టర్‌ను అడగండి. వాటిలో చాలావరకు మగత తెస్తాయి, పెద్దవారిలో తికమక కూడా కలిగించవచ్చు. నీళ్లు కదలని పొద్దుటి పూటే వెళ్తే వాటి అవసరం రాదు.

నాలుగోసారి వెళ్లినప్పుడు చుక్కాని పిడి ఆమె చేతికిచ్చాను. కుడికి తోస్తే పడవ ఎడమకు తిరిగింది. మళ్లీ తోసింది, మళ్లీ అంతే. నాకేసి చూసి, "నీ పోలికే" అంది. యజమాని అంతలా నవ్వడం నేను మళ్లీ చూడలేదు.

ఇప్పుడు మధ్యాహ్నాల సంగతి. అమ్మ గదిలో పెద్ద అంకెల గోడ క్యాలెండర్ ఉంటుంది, మాత్రలు వేసుకున్న గుర్తులన్నీ దాని మీదే. రేవులో తీసుకున్న ఆటుపోట్ల పట్టిక నేను బల్ల మీద పడేస్తే, ఆమె దాన్ని తీసుకుని రోజూ ఒక్కొక్క అంకె నీలి సిరాతో క్యాలెండర్‌లోకి ఎక్కించడం మొదలుపెట్టింది. ఎందుకమ్మా అంటే ఖాళీగా ఉన్నానుగా అంది. వారం తర్వాత పిలిచింది: "ఇదేమిటి, రోజూ యాభై నిమిషాలు వెనక్కి జరుగుతోంది? అచ్చు తప్పా?" తప్పు కాదు, నీళ్లు సూర్యుడి కంటే చంద్రుడి మాట ఎక్కువ వింటాయి, చంద్రుడు రోజూ అంత ఆలస్యంగా వస్తాడు అని చెప్పాను. ఆ సాయంత్రం చంద్రుడు ఎప్పుడు వస్తాడో చూద్దామని కిటికీ దగ్గర కూర్చుంది. ఎన్నేళ్లుగా పడవ నడుపుతున్నా, ఆ యాభై నిమిషాలను అలా వరుసగా రాసి చూసుకోవాలని నాకు తోచలేదు.

గాలి కొలత కూడా ఆమె కిటికీ నుంచే తీసేది. ఫ్రాన్సిస్ బోఫోర్ట్ అనే బ్రిటిష్ నావికాధికారి 1805లో గాలికి మెట్లు కట్టినప్పుడు ఆయన దగ్గర మీటర్లేమీ లేవు, కంటికి కనబడేదే కొలత. మూడో మెట్టులో అక్కడక్కడ నురగ కనిపిస్తుంది, గాలి గంటకు 12 నుంచి 19 కిలోమీటర్లు. నాలుగో మెట్టులో నురగ తరచుగా కనబడుతుంది, 20 నుంచి 28 కిలోమీటర్లు. నాకు నాలుగే హద్దు. "ఇవాళ తెలుపు ఎక్కువగా ఉంది" అని అమ్మ అన్న రోజుల్లో నేను వెళ్లలేదు. ఒకసారి మాట వినకుండా వెళ్లి మూడుసార్లు బోర్లాపడి వచ్చాను. ఆమె ఏమీ అనలేదు, తువ్వాలు మాత్రం గుమ్మం దగ్గరే పెట్టి ఉంచింది.

మా మధ్య ఒక కట్టుబాటు ఉండేది. వెళ్లేముందు తిరిగొచ్చే సమయం క్యాలెండర్ మీద రాయాలి. అది దాటి గంట గడిస్తే, ఫోన్ పక్కన అతికించిన రేవు మనిషి నంబరుకు అమ్మ ఫోన్ చేయాలి. అంతకుముందు కంగారు పడకూడదు, ఆ తర్వాత మొహమాటపడకూడదు.

మూడో వారంలో అది పనికొచ్చింది. మూడున్నరకు వస్తానని రాసి వెళ్లాను. నీరు పూర్తిగా తగ్గేది నాలుగుంపావుకు అని తెలిసి కూడా, దగ్గరి దారి అని కాలువ అంచున వస్తూ బురద మీద కూర్చుండిపోయాను. పలక పైకి లాగాను, బరువు ఇటూ అటూ మార్చాను, ఊహూ. దిగి తోద్దామని ఒక కాలు పెడితే మోకాలి దాకా దిగబడింది. వెంటనే వెనక్కి లాక్కున్నాను. బురదలో దిగకండి, పడవే మీకు నేల. నీరు అడుగంటడానికి సుమారు యాభై నిమిషాల ముందు ఆగాను కాబట్టి, మళ్లీ తేలడానికి మొత్తం దాదాపు రెండు గంటలైనా పట్టదు అని లెక్క వేసుకుని కూర్చున్నాను. అదే నీరు సగం తగ్గినప్పుడు ఇరుక్కుని ఉంటే ఆరు గంటలు పట్టేది. ఫోన్? తడుస్తుందని ఇంట్లో బల్ల మీద పెట్టి వచ్చాను. నీళ్లు దూరని సంచులు దొరుకుతాయి, నా దగ్గర ఒకటి ఉంది కూడా, అదీ ఆ బల్ల మీదే ఉంది.

అమ్మ నాలుగున్నరకు సరిగ్గా ఫోన్ చేసిందట. రేవు మనిషి తర్వాత నాకు ఆ సంభాషణ ఒప్పజెప్పారు. "పడవ కనబడుతోందా?" "కనబడుతోందండీ." "నిలువుగా ఉందా, పడి ఉందా?" "నిలువుగానే ఉంది, ఆయన కూర్చుని ఉన్నారు." "అయితే ఇప్పుడు నీళ్లు లేవు కదా, వచ్చేదాకా రాలేడు. ఐదు దాటాక కూడా కదలకపోతే చెప్పండి." నేను ఆరు గంటలకు ఇంటికి చేరేసరికి క్యాలెండర్ మీద నా మూడున్నరను కొట్టేసి పక్కన ఎర్ర సిరాతో 6.00 అని వేసింది.

ఆ రెండు నెలల్లో నీటి మీదికి వెళ్లింది ముప్పై ఒక్క రోజులు, అందులో అమ్మతో తొమ్మిది. మిగతా రోజుల్లో గాలి లేదు, లేదా ఎక్కువైంది, లేదా అమ్మకు మోకాళ్ల నొప్పి, లేదా ఇద్దరికీ బద్ధకం. వెళ్లని రోజును నష్టం కింద రాసుకుంటే ఆ వేసవి నాకు తీరిగ్గా ఉండేది కాదు.

ఒక్క విషయంలో మాత్రం మొహమాటం లేకుండా చెబుతాను. మీ అమ్మగారు ఈ మధ్య పడిపోయి ఉంటే, పొయ్యి ఆపడం మరిచిపోతూ ఉంటే, లేదా ఫోన్ తీసి నంబరు నొక్కడం ఆమెకు కష్టమైతే, మధ్యాహ్నం రెండు గంటలు ఒంటరిగా వదిలే ఈ ఏర్పాటు మీకు పనికిరాదు. ఇంట్లో మరొకరు ఉన్నప్పుడే వెళ్లండి. నిద్రపోతున్నారు కదా అనుకోవద్దు, పెద్దవారు తూలిపడేది చాలాసార్లు నిద్రలేచి నిలబడగానే.

ఆమెకు నీళ్లంటే భయమైతే బలవంతం వద్దు. ఒడ్డున కూర్చుని చూడటం కూడా చాలామందికి ఇష్టమే. కాకపోతే రేవుల్లో ఉండే బల్లలకు వెనుక ఆనుకోవడానికి ఏమీ ఉండదు, పావుగంటకే నడుము పట్టేస్తుంది. చేతులున్న మడత కుర్చీ ఒకటి ఇంటి నుంచే తీసుకెళ్లండి. నీడ కోసం చెట్టు కింద వేస్తే తాడిచెట్లంత ఎత్తున్న పడవ కొయ్యలు తప్ప ఏమీ కనబడటం లేదని మా అమ్మ రెండుసార్లు కుర్చీ జరిపించింది, కాబట్టి గొడుగు కూడా పట్టుకెళ్లండి.