కొనబోయే షేరు గురించి నమ్మదగిన సమాచారం ఎక్కడ చూడాలి?

మీ బావగారు ఒక చిన్న కంపెనీ షేరు కొనమంటున్నారు, వాట్సాప్‌లో తిరిగేదీ యూట్యూబ్‌లో చెప్పేదీ నమ్మబుద్ధి కావడం లేదు, అసలు లెక్క ఎక్కడ తెలుస్తుందని అడిగారు. నేనూ తిరుపతిలోనే ఉంటాను, కొన్నేళ్లుగా నా షేర్లు నేనే చూసుకుంటున్నాను. చట్టప్రకారం ఆ కంపెనీ స్టాక్ ఎక్స్ఛేంజీకి, అంటే షేర్లు కొని అమ్మే చోటికి ఇచ్చిన కాగితాలు చదవండి. మన దేశంలో పెద్ద ఎక్స్ఛేంజీలైన బీఎస్ఈ, ఎన్ఎస్ఈ వెబ్‌సైట్లలో అవన్నీ ఉచితం.

మన ఊళ్లో ‘మావాడు అందులోనే పనిచేస్తాడు, నాకు తెలుసు’ అనే మాట బాగా చెల్లుతుంది. కరకంబాడి వైపు తిరిగేవాళ్లందరికీ అమరరాజా బ్యాటరీల కంపెనీ తెలుసు. కానీ ఆ కంపెనీ 2022 డిసెంబరులో తెలంగాణ ప్రభుత్వంతో ఒప్పందం చేసుకుని, మహబూబ్‌నగర్ దగ్గర దివిటిపల్లిలో పదేళ్లలో 9,500 కోట్ల రూపాయలు పెడతామంది. ఇక్కడి గేటు ముందు ఎన్నాళ్లు నిలబడినా ఆ సంగతి కనబడదు. షిఫ్టుకు వెళ్లే మనిషికి ఓవర్‌టైమ్ ఎంత దొరుకుతోందో తెలుస్తుంది గానీ, బ్యాంకు అప్పు ఎంతుందో తెలియదు. ఒకవేళ బయటికి రాని లెక్కలు నిజంగానే తెలిసి మీ చెవిన వేశాడనుకోండి, అది పట్టుకుని కొంటే ఇన్‌సైడర్ ట్రేడింగ్ కేసు అవుతుంది.

ఆ కాగితాల్లో ముందు చూడవలసింది యాన్యువల్ రిపోర్టు, అంటే కంపెనీ ఏటా ఇచ్చే నివేదిక. అది తెరవగానే రంగుల ఫొటోలు, ఛైర్మన్ గారి సందేశం వదిలేసి నేరుగా లెక్కలు తనిఖీ చేసే ఆడిటర్ రిపోర్టుకు పోండి. రేణిగుంట దగ్గర ప్లాటు కొంటే ఈసీ తీయకుండా అడ్వాన్సు ఇస్తామా? ఇదీ అంతే. అందులో క్వాలిఫైడ్ ఒపీనియన్ అని ఉంటే ఏదో ఒక లెక్కను ఆడిటర్ ఒప్పుకోలేదని అర్థం. ఏ లెక్కో కూడా అక్కడే రాసి ఉంటుంది.

ఆ తర్వాత క్యాష్ ఫ్లో, అంటే నగదు రాకపోకల పట్టిక. ఒకసారి మా తమ్ముడు ఒక కంపెనీ పేరు పట్టుకొచ్చాడు. లాభం ఏటా పెరుగుతోంది, చూడ్డానికి ముచ్చటగా ఉంది. కానీ వ్యాపారం నుంచి చేతికొచ్చిన నగదు మాత్రం ఏటా మైనస్. సరుకు అమ్మినట్టు పుస్తకాల్లో ఉంది, డబ్బు రాలేదు. రావలసిన బాకీలు అమ్మకాల కంటే వేగంగా పెరిగాయి. ఇంకా వెనక్కి పోయి రిలేటెడ్ పార్టీ లావాదేవీల నోట్ చూస్తే, ప్రమోటర్ (కంపెనీని తన చేతిలో ఉంచుకున్న యజమాని) కుటుంబానికే చెందిన మరో సంస్థకు వడ్డీ లేని అప్పు. ఎక్స్ఛేంజీ ప్రకటనల్లో వెతికితే ఆడిటర్ మధ్యలోనే రాజీనామా చేసిన లేఖ కూడా దొరికింది. కారణం పని ఒత్తిడట! నేను వద్దన్నాను. అయినా ఆ షేరు తర్వాత కొన్నాళ్లు పెరిగింది, మా తమ్ముడు కలిసినప్పుడల్లా దెప్పేవాడు. దెప్పినా సరే, ఇప్పటికీ అలాంటి లెక్కలున్న కంపెనీ జోలికి నేను పోను.

ఆడిటర్ సంతకం ఉంది కదా అని నిశ్చింతగా ఉండడానికీ లేదు. సత్యం కంప్యూటర్స్ లెక్కలకు ఆడిటర్ ఏ అభ్యంతరమూ చెప్పలేదు. 2009 జనవరి 7న ఆ కంపెనీ ఛైర్మన్ రామలింగరాజు గారు రాసిన లేఖలో, పుస్తకాల్లో చూపిన 5,361 కోట్ల నగదులో 5,040 కోట్లు అసలు లేవని ఒప్పుకున్నారు. అందుకే ఒక్క కాగితంతో ఆగకుండా రెండు మూడు పోల్చి చూడాలి.

అలా పోల్చడానికి నాకు బాగా పనికొచ్చేది క్రెడిట్ రేటింగ్, అంటే అప్పు తీర్చే సత్తా ఎంతో చెప్పే గ్రేడు. బ్యాంకు అప్పులున్న కంపెనీలకు క్రిసిల్, ఇక్రా, కేర్ లాంటి సంస్థలు ఇచ్చే రేటింగ్ నోట్ వాళ్ల వెబ్‌సైట్లలోనే ఉంటుంది. కంపెనీ బలం, బలహీనత రెండూ రెండు మూడు పేజీల్లో రాస్తారు. అందులో ‘ఇష్యూయర్ నాట్ కోఆపరేటింగ్’ అని కనబడితే, రేటింగ్ సంస్థ అడిగిన వివరాలు కంపెనీ ఇవ్వడం లేదన్నమాట. వాళ్లకే ఇవ్వనిది మనకేం చెబుతారు?

మూడు నెలలకోసారి వచ్చే షేర్‌హోల్డింగ్ వివరాల్లో ప్రమోటర్ వాటా తగ్గుతోందా, ఎంత తాకట్టులో ఉందో చూడండి. అయిదు నిమిషాల పని.

ఇక యూట్యూబ్ సంగతి. సాధనా బ్రాడ్‌కాస్ట్ షేరు విషయంలో 2023 మార్చిలో షేర్ మార్కెట్‌ను నియంత్రించే సెబీ ఇచ్చిన మధ్యంతర ఉత్తర్వు చదవండి. తప్పుడు వీడియోలతో జనాన్ని కొనేలా చేసి, తమ దగ్గరున్న షేర్లు ఎలా అమ్ముకున్నారో వివరంగా ఉంటుంది. ఎవరైనా సలహా ఇస్తామని డబ్బు అడిగితే ముందు సెబీ రిజిస్ట్రేషన్ నంబరు అడగండి. రీసెర్చ్ అనలిస్టుకైతే అది ఐఎన్‌హెచ్‌తో, ఇన్వెస్ట్‌మెంట్ అడ్వైజర్‌కైతే ఐఎన్‌ఏతో మొదలవుతుంది. సెబీ వెబ్‌సైట్‌లో ఆ పేరు ఉందో లేదో చూసుకోవచ్చు.

మీ బావగారు చెప్పిన కంపెనీ బీఎస్ఈలోనూ ఎన్ఎస్ఈలోనూ కనబడకపోతే అది అన్‌లిస్టెడ్, అంటే ఎక్స్ఛేంజీలో నమోదు కానిది అయి ఉండాలి. చిత్తూరు వైపు మామిడి గుజ్జు ఫ్యాక్టరీలు చాలావరకు అలాంటివే. అప్పుడు కేంద్ర కార్పొరేట్ వ్యవహారాల శాఖ పోర్టల్‌లో పేరు కొట్టండి. డైరెక్టర్లెవరో, ఆస్తుల మీద ఏ బ్యాంకు చార్జ్ (అప్పు కింద హక్కు) ఉందో ఉచితంగానే తెలుస్తుంది. బ్యాలెన్స్ షీట్ కావాలంటే కొద్దిపాటి ఫీజు కట్టాలి.