ఇంట్లో చిన్న రైలు: మీ ప్రశ్నలు, మా జవాబులు

ప్రశ్న: మేడ మీద 10 x 12 అడుగుల గది ఖాళీగా ఉంది. 8 x 4 అడుగుల ప్లైవుడ్ షీటును గోడకు ఆనించి హెచ్ఓ సైజు రైలు నమూనా (లేఅవుట్) వేద్దామనుకుంటున్నాను. వనపర్తి రోడ్‌కూ గద్వాలకూ మధ్య కృష్ణ మీదున్న వంతెన అందులో రావాలి. ఒక లైను మీదుగా ఇంకో లైను కూడా దాటాలి. కుదురుతుందా?
– ఒక పాఠకుడు, గద్వాల

జవాబు: వంతెన కుదురుతుంది. గోడకు ఆనించడం కుదరదు. చెయ్యి చాచి పని చేయగలిగేది 30 అంగుళాల దాకానే. అవతలి అంచున బోగీ పట్టాలు తప్పితే చెట్లనూ స్తంభాలనూ పడగొట్టుకుంటూ ఎక్కాల్సి వస్తుంది. బల్లను గది నడుమ వేయండి. పొడవు వైపులా 3 అడుగులు, చివర్లలో 2 అడుగులు నడవడానికి మిగులుతాయి, మీ గదికి అది సరిగ్గా సరిపోతుంది.

ఇక మలుపు సంగతి. హెచ్ఓ అంటే అసలు రైలులో 87వ వంతు. పాత రకం ఐసీఎఫ్ బోగీ దాదాపు 24.5 సెంటీమీటర్లు ఉంటుంది, కొత్త రకం ఎల్‌హెచ్‌బీ అయితే 27. ఇంత పొడవు బోగీలు 18 అంగుళాల వ్యాసార్ధంలో తిరిగితే మూలలు బయటికీ నడుము లోపలికీ పొడుచుకొచ్చి పక్క లైను బండిని రాసుకుంటాయి. 22 అంగుళాలు పెట్టండి. అప్పుడు పట్టాల నడిమి గీతకూ బల్ల అంచుకూ మధ్య మిగిలేది 2 అంగుళాలే కాబట్టి అంచు చుట్టూ రెండంగుళాల ఎత్తు పట్టీ కొట్టాలి. కింద పడిన ఇంజన్‌కు రిపేరు ఖర్చు ఎక్కువ.

లైను మీద లైను వద్దు. కింది బండి దూరడానికి 7.5 సెంటీమీటర్ల సందు, పైన వంతెన మందం కలిపితే 9 సెంటీమీటర్లు ఎక్కాలి. మీటరుకు 2 సెంటీమీటర్ల వాలుతో ఎక్కడానికి నాలుగున్నర మీటర్లు, దిగడానికి మరో నాలుగున్నర కావాలి. మీ వలయం చుట్టుకొలతే 6 మీటర్లకు కాస్త తక్కువ. వాలు 3 సెంటీమీటర్లకు పెంచితే లెక్క అంచనా మీద సరిపోయినట్టు కనబడుతుంది గానీ, మలుపులో చక్రాల రాపిడి తోడై దాదాపు నాలుగున్నర సెంటీమీటర్ల వాలు ఎక్కినంత బరువు పడుతుంది. నాలుగు బోగీలకే చక్రాలు జారతాయి.

వంతెన కోసం పట్టాలను పైకెత్తకండి, నేలను కిందికి దించండి. పట్టాలు సమతలంగానే ఉంటాయి. నది పారే చోట ప్లైవుడ్ కోసి, ఆ ముక్కను 4 అంగుళాలు దించి ఫ్రేముకు బిగిస్తే కింద ఇసుక, బండలు, నీళ్లు అన్నీ పడతాయి. ఫ్రేము కొట్టకముందే నది ఎక్కడో తేల్చుకోండి, అడ్డ చెక్క సరిగ్గా ఏటి నడుమ వస్తే మళ్లీ విప్పాల్సిందే. 12 మిల్లీమీటర్ల ప్లైవుడ్‌కు ప్రతి 16 అంగుళాలకూ ఒక అడ్డ చెక్క చాలు. అసలు కొనకముందు గది బండల మీద సుద్దముక్కతో మొత్తం గీసి, బల్ల చుట్టూ నడిచి చూడండి.

ప్రశ్న: మా లేఅవుట్ రేకుల గదిలో ఉంది. సంక్రాంతి సెలవుల్లో పట్టాలు సందు లేకుండా నీట్‌గా వేసి, జాయింట్లన్నీ సోల్డర్ చేశాము. ఏప్రిల్ వచ్చేసరికి ఒకచోట పాములా వంకరపోయింది. మేకులు సరిపోలేదా?
– ఒక పాఠకురాలు, దేవరకొండ

జవాబు: తప్పు మేకులది కాదు, ఆ సందు లేకపోవడానిదే. నికెల్ సిల్వర్ అనే మిశ్రలోహపు పట్టా మీటరుకు, 10 డిగ్రీల వేడికి 0.17 మిల్లీమీటర్లు సాగుతుంది. జనవరి తెల్లవారుజామున 15 డిగ్రీలు, ఏప్రిల్ మధ్యాహ్నం రేకుల కింద 45 అనుకోండి. 3 మీటర్ల లైను ఒకటిన్నర మిల్లీమీటర్లు పెరిగింది. ఇదెంతలే అనిపిస్తుంది. కానీ ఆ పెరుగుదలంతా మేకుల పట్టు తక్కువున్న ఒక్క మీటరులో పడితే నడుము 2 సెంటీమీటర్లకు పైగా పక్కకు జరుగుతుంది. మేకులు ఇంకా కొడితే వంకర ఇంకోచోట తేలుతుంది.

వంకర దగ్గర మేకులు తీసి, సన్నని రంపంతో పట్టా కోసి సర్దండి. మలుపుల్లో జాయింట్ల సోల్డర్ ఉంచండి, లేకపోతే అక్కడ కోణం తేలుతుంది. తిన్నని లైనులో మాత్రం మీటరుకొక జాయింటును వదులు చేయండి. చలిలో వేస్తే ఒక మిల్లీమీటరు సందు, ఎండాకాలం మధ్యాహ్నం వేస్తే పోస్టుకార్డు మందమంత చాలు. వదులు చేసిన ప్రతి ముక్కకూ కరెంటు తీగ విడిగా ఇవ్వాలి, ఇది మరవద్దు.

చెక్క సంగతి వేరు. దానికి వేడి కన్నా తేమతో ఇబ్బంది ఎక్కువ. వానాకాలంలో ఉబ్బి, ఎండలకు కుంచించుకుపోతుంది. ప్లైవుడ్‌కు పైనా కిందా, కోసిన అంచులకు కూడా పెయింటు వేయండి. బల్ల కాళ్ల కింద రాతి ముక్కలు పెట్టి, గోడకు తగలకుండా ఉంచితే చెదలు ఎక్కినా కంటబడతాయి. వీలుంటే కింది గదికి మార్చడమే అన్నిటికన్నా మేలు.

ప్రశ్న: కంట్రోలర్ దగ్గర బండి బాగా పరిగెడుతుంది, అవతలి చివరకు పోయేసరికి నీరసపడుతుంది. ఇంజన్ మార్చాలా?
– ఒక పాఠకుడు, మిర్యాలగూడ

జవాబు: ఇంజన్ జోలికి పోకండి. జాయినర్ల (పట్టాలను కలిపే లోహపు ముక్కలు) మీదుగా కరెంటు పోతుంటే ప్రతి జాయింటు దగ్గర కొంత వోల్టేజీ తగ్గుతుంది, లోపల మసి పట్టేకొద్దీ ఇంకా తగ్గుతుంది. బల్ల కింద చివరిదాకా ఇంటి వైరింగ్‌కు వాడే 2.5 చదరపు మిల్లీమీటర్ల తీగలు రెండు, ఎర్రదీ నల్లదీ లాగండి. వాటినుంచి మీటరుకొక చోట జానెడు పొడవున్న సన్న తీగలు పట్టాలకు ఇవ్వండి. పట్టా బయటి వైపున రోజిన్ ఫ్లక్స్ (సోల్డర్ బాగా పట్టేందుకు పూసేది) వాడి అతకాలి. యాసిడ్ ఫ్లక్స్ వాడితే కొన్నాళ్లకు పచ్చగా చిలుము పట్టి అతుకు ఊడుతుంది. పక్క స్లీపర్ల మీద తడి దూది పెడితే ప్లాస్టిక్ కరగదు. ఒక్కో తీగ అతికిన వెంటనే షార్ట్ అయిందేమో మల్టీమీటర్‌తో చూడండి. ఇరవై అతికాక చూస్తే తప్పు ఎక్కడుందో దొరకదు.

ప్రశ్న: లేఅవుట్‌లో పట్టాల కింది కంకరకు క్రషర్ డస్ట్ (రాళ్లు కొట్టే మిల్లులో మిగిలే పొడి) పనికొస్తుందా?
– ఒక పాఠకుడు, నల్లగొండ

జవాబు: చాలా బాగా వస్తుంది, అసలు కంకరా మన గ్రానైట్ రాయి లాంటిదే కదా. 5 సెంటీమీటర్ల రాయి హెచ్ఓలో 0.6 మిల్లీమీటర్లు. టీ జల్లెడలోంచి దిగినదాన్ని పల్చటి గుడ్డలో మళ్లీ జల్లిస్తే గుడ్డలో మిగిలేదే మీకు కావాల్సింది. నీళ్లు తేటగా వచ్చేదాకా కడిగి ఎండబెట్టండి. తర్వాత అయస్కాంతాన్ని ప్లాస్టిక్ కవరులో చుట్టి ఆ పొడిలో నాలుగైదుసార్లు తిప్పండి. కవరుకు నల్లని రేణువులు అంటుకుంటాయి. అవి ఉండిపోతే ఇంజన్ మోటారులోని అయస్కాంతం లాక్కుని గేర్లు అరిగిపోతాయి.

ఒక నెల బండి నడిపి, ఎక్కడా పట్టాలు తప్పట్లేదని తేలాకే కంకర పోయండి. సన్న బ్రష్‌తో సర్ది, ముందు నీళ్లు తుంపరగా చల్లి, ఒక వంతు ఫెవికాల్‌కు రెండు వంతుల నీళ్లు, గిన్నెలు తోమే లిక్విడ్ ఒక చుక్క కలిపి డ్రాపర్‌తో వదలండి. లిక్విడ్ చుక్క లేకపోతే జిగురు కంకర మీదే బంతిలా నిలిచిపోతుంది. పాయింట్ల (బండిని ఒక లైను నుంచి ఇంకో లైనుకు మళ్లించే చోట్లు) నాలుకల దగ్గర, అంటే అటూ ఇటూ కదిలే పట్టా ముక్కల దగ్గర, కంకర తక్కువ పోసి, జిగురు ఆరే రాత్రంతా కాకపోయినా మొదటి మూడు నాలుగు గంటలు మధ్యమధ్యలో పాయింటును అటూ ఇటూ కదుపుతూ ఉంటే నాలుక అంటుకోదు.