గోడ మీద కేలండర్ తీసిందెవరు?

"వందనాలు అక్కా. మాది శ్రీకాకుళం. నాకు 42 ఏళ్లు. మావారు ప్రభుత్వ ఉద్యోగి, మా సంఘంలో పెద్ద కూడా. రికార్డుల్లో మేం హిందువులం, ఎస్సీలం. ఆయనకి ఆఫీసులో ఒక పేరు, చర్చిలో ఒక పేరు. మా పెద్దమ్మాయి ఇంటర్ రెండో సంవత్సరం. ఈ ఈస్టర్‌కి బాప్తిస్మం తీసుకుంటానని పాస్టరుగారికి పేరిచ్చేసింది. సీటొచ్చి, ఉద్యోగం కూడా వచ్చాక చూద్దామన్నారు ఈయన. 'మీరూ అలాగే వచ్చారు కదా నాన్నా' అంది అది. ఆయన చెంప మీద కొట్టారు. నెల్లాళ్లయింది, ఇద్దరికీ మాటల్లేవు. మొన్న రథసప్తమికి ఆయన ఆఫీసువాళ్లు అరసవల్లి దర్శనం చేసుకుని మా ఇంటికి భోజనానికొచ్చారు. ఎప్పట్లాగే గోడ మీద బైబిల్ వాక్యం కేలండర్ తీసి బీరువా వెనక పెట్టాను. బొట్టు పెట్టుకున్నాను. అది నన్ను చూసి నవ్వింది. ఆ నవ్వు తలుచుకుంటే నాకు నిద్ర పట్టడం లేదు. బాప్తిస్మం మూడు నాలుగేళ్లు వాయిదా వేసుకుంటే పాపమా? దానికి నచ్చజెప్పడానికి మంచి వచనం ఏదైనా చూపించండి."

– ఒక సహోదరి, శ్రీకాకుళం

అమ్మా, వాయిదా వేసుకుంటే పాపం కాదు. బాప్తిస్మానికి బైబిల్ తేదీ పెట్టలేదు. యేసు పక్కన సిలువ మీదున్న దొంగకి నీళ్లు ఎవరూ తేలేదు, అయినా పరదైసుకి వెళ్లాడు. మీరడిగినదానికి జవాబు ఇంతే. దీన్ని పట్టుకుని మీ అమ్మాయి దగ్గరికి మాత్రం వెళ్లకండి. ఆ పిల్ల గొడవ తేదీ గురించి కాదు.

వచనం చూపించను. పిల్లల నోరు మూయించడానికి వచనం వెతకడం మన ఇళ్లల్లో బాగా అలవాటైపోయింది. తల్లిదండ్రులకి లోబడమని ఎఫెసీ పత్రిక ఆరో అధ్యాయంలో పిల్లలకి చెప్పిన మాట మనందరికీ నోటికొచ్చు. అదే అధ్యాయం నాలుగో వచనంలో, పిల్లలకి కోపం రేపొద్దని తండ్రులకి చెప్పారు. అది చూడకుండా అప్పజెప్పగలిగిన సంఘపెద్దలు ఎంతమంది ఉన్నారు?

మీ ఉత్తరం మూడుసార్లు చదివాను. తండ్రికీ కూతురికీ గొడవని మీరు రాశారు. నాకు కనిపించింది అది కాదు. "ఎప్పట్లాగే తీశాను" అన్నారు చూశారా, నా కళ్లు అక్కడే ఆగిపోయాయి. తియ్యమని ఎవరు చెప్పారమ్మా? ఆయన చెప్పినట్టు మీరు రాయలేదు. ఎన్నేళ్లుగా తీస్తున్నారు? తీశాక మేకు అక్కడే ఉంటుంది. దాని కింద గోడ మీద రంగు మాయని చోటు కేలండరంత మేర తెల్లగా కనిపిస్తుంది. భోజనానికొచ్చినవాళ్లకి అది కనిపించదనుకుంటాం. కంచాలు అందిస్తూ తిరిగే ఆడపిల్ల కంటికి కనబడకుండా ఉంటుందా?

వాళ్లు వెళ్లాక ఆ బొట్టు ఏం చేస్తారో కూడా నాకు తెలుసు. స్టిక్కర్ తీసి పర్సులో చిన్న అద్దానికి అంటిస్తారు, ఇంకోసారికి పనికొస్తుందని. మా అమ్మ కూడా అంతే. నాకు పదేళ్లప్పుడు ఆ అద్దం మీద ఐదారు ఉండేవి, ఒక్కోటి ఒక్కో రంగు. బొట్టు పెట్టుకోవడం తప్పని నేను అనను. తెలుగు ఆడది బొట్టు పెట్టుకుంటే దేవుడు అలుగుతాడన్న మాట నేనెప్పుడూ నమ్మలేదు. కానీ పెట్టుకుంటే ఆదివారం చర్చికి కూడా పెట్టుకుని వెళ్లండి. వద్దనుకుంటే రథసప్తమికీ వద్దు.

మీ అమ్మాయి నవ్వింది అందుకు. ఆ పిల్ల ప్రశ్న వేసింది వాళ్ల నాన్నకి. ఆ ప్రశ్న నేర్చుకున్నది మాత్రం మీ చేతుల్ని చూసి.

అపొస్తలుల కార్యాల ఐదో అధ్యాయం మీకు తెలిసిందే. అననీయ పొలం అమ్మి కొంత దాచుకుని, మిగతాదే మొత్తమన్నట్టు అపొస్తలుల దగ్గర పెట్టాడు, ఆ సంగతి భార్య సప్పీరాకి తెలుసు. ఆ భాగం తీసినప్పుడల్లా మన బోధకులు ఇద్దరి చావూ చెప్పి భయపెడతారు. నేను ఆగేది వేరే చోట. మొగుడు వెళ్లిన మూడు గంటలకి ఆవిడ ఒక్కతే వచ్చింది. లోపల ఏం జరిగిందో ఆవిడకి తెలీదు. పేతురు ఆవిణ్ణి విడిగా అడిగాడు, పొలం అంతకేనా అమ్మారని. మొగుడి జవాబుతో ఈవిడకి పని లేదు. ఈవిడ జవాబు ఈవిడదే. అయినా మొగుడు చెప్పిందే చెప్పింది. బహుశా ఆ ఇంట్లో ఆ డబ్బు గురించి ఇద్దరూ కూర్చుని ఇది మనకి సరేనా అని ఒక్కసారి కూడా అనుకుని ఉండరు.

మీ ఇంట్లోనూ అంతే జరిగిందని నా నమ్మకం. పెళ్లయి ఇన్నేళ్లలో మీరూ ఆయనా ఈ రెండు పేర్ల గురించి ఒక్క రాత్రైనా కూర్చుని మాట్లాడుకున్నారా? ఆయన దాచారు, మీరు కేలండర్ తీశారు. భర్తకి లోబడటం అంటే ఇదేనని మనకి చెప్పి పంపుతారు. నేను ఒప్పుకోను. ఆయన మనసులో ముల్లున్న సంగతి మీకు తెలిసీ అడగకపోవడం లోబడటం కాదు. అది ఆయన్ని ఒంటరిగా వదిలేయడం. ఇప్పుడు మూడో మనిషిగా మీ అమ్మాయిని కూడా ఆ మౌనంలోకి లాగడానికి నన్ను వచనం అడుగుతున్నారు.

మీవారిని నేను దొంగ అనను. ఎందుకలా చేశారో నాకు తెలుసు. 1950లో రాష్ట్రపతి ఇచ్చిన ఎస్సీ ఉత్తర్వు మూడో పేరాలో హిందూమతం కాక వేరే మతం అవలంబించేవాళ్లు ఎస్సీలు కారన్నారు. 1956లో సిక్కులకీ 1990లో బౌద్ధులకీ దారిచ్చారు. మనం బయటే ఉండిపోయాం. మన రాష్ట్రంలో ఎస్సీ నుంచి క్రైస్తవంలోకి వచ్చినవాళ్లనీ వాళ్ల పిల్లల్నీ వెనకబడిన తరగతుల్లో సీ గ్రూపులో, అంటే బీసీ-సీలో పెట్టారు. రిజర్వేషన్ ఎస్సీలకి 15 శాతం, బీసీ-సీకి ఒక్క శాతం. చర్చికెళ్తే కులం పోయిందా? ఊరి చివర పేట ఊరి చివరే ఉంది. పెళ్లి ప్రకటనల్లో మనవాళ్లే క్రిస్టియన్ అని రాసి పక్కన కులం కూడా రాస్తారు. అంటరానితనం బాప్తిస్మపు నీళ్లలో కడుక్కుపోలేదు, కడుక్కుపోయినట్టు చట్టం మాట్లాడుతోంది. ఇది అన్యాయం. మతం మారిన దళితుల సంగతి పరిశీలించమని 2022లో కేంద్రం మాజీ ప్రధాన న్యాయమూర్తి కె.జి. బాలకృష్ణన్ కమిషన్‌ని కూడా వేసింది.

అన్యాయం అన్యాయమే. కానీ దాన్ని అన్యాయమని నలుగురిలో అనాలంటే ముందు నేను క్రైస్తవుణ్ణని పైకి చెప్పాలి కదా? రెండు పేర్లు పెట్టుకుని లోపలే ఉండిపోయినవాళ్లు ఆ మాట ఎప్పటికీ అనలేరు. మన వేల కుటుంబాలు నోరు విప్పలేకపోవడానికి కారణం ఇదే, నన్ను ఎక్కువగా బాధపెట్టేదీ ఇదే.

ఇంకో సంగతి ఆయనకి తప్పకుండా చెప్పండి. చట్టం చూసేది ఏ మతం అవలంబిస్తున్నారని. నీళ్లలో ఎప్పుడు మునిగారన్నది ఒక్కటే చూడదు. ప్రతి ఆదివారం ముందు వరసలో కూర్చునే సంఘపెద్ద కూతురికి, బాప్తిస్మం నాలుగేళ్లు ఆపినంత మాత్రాన సర్టిఫికెట్ భద్రం అనుకోవడం భ్రమ. 2024 నవంబరులో పుదుచ్చేరికి చెందిన ఒకామె కేసులో, క్రైస్తవ విశ్వాసంలో ఉంటూ ఉద్యోగం కోసం మాత్రం హిందువునంటే ఎస్సీ రిజర్వేషన్ ఇవ్వడం కుదరదని సుప్రీంకోర్టు స్పష్టంగా చెప్పింది. తప్పుడు కుల ధ్రువపత్రాల మీద మన రాష్ట్రంలో 1993 నుంచీ చట్టం ఉంది. పత్రం రద్దు చేస్తారు, కేసు కూడా పెట్టొచ్చు. ఆయన ఉద్యోగం విషయంలో ఏం చెయ్యాలో ఉత్తరంలో తేల్చేది కాదు. జిల్లా కోర్టులో న్యాయ సేవాధికార సంస్థ ఉంటుంది, ఆడవాళ్లకి ఆదాయంతో పని లేకుండా ఉచితంగా సలహా ఇస్తారు. మీరు వెళ్లండి. ఆయన వస్తే ఇద్దరూ వెళ్లండి.

మీ అమ్మాయి సంగతి వేరు. రేపు దరఖాస్తులో కులం, మతం దగ్గర ఏం రాయాలన్నా కింద సంతకం పెట్టేది ఆ పిల్లే. పదిహేనుకి బదులు ఒకటి అంటే ఎంత తేడానో ఆమెకి అంకెలతో సహా చెప్పాలి. సీటు రాకపోవచ్చు, వచ్చినా దూరంగా రావచ్చు, ఫీజు బరువు కావచ్చు. ఇవన్నీ విన్నాక కూడా బీసీ-సీ అనే రాస్తానంటే, ఆపే హక్కు మీ ఇద్దరికీ లేదు. అలాంటి పిల్లని కన్నందుకు మీరు దేవుడికి దణ్ణం పెట్టుకోవాలి.

మా నాన్నగారిదీ ప్రభుత్వ ఉద్యోగమే. 58 ఏళ్లకి రిటైరై, మూడో నెలలో నాగావళిలో బాప్తిస్మం తీసుకున్నారు. అప్పటికి ముప్ఫై ఏళ్లుగా చర్చికి వెళ్తున్నారు, కానుకల లెక్కలు ఆయనే రాసేవారు. ఏట్లో నీళ్లు నడుం దాకా కూడా లేవు. పాస్టరుగారు వీపు కింద చెయ్యేసి వెనక్కి వాల్చారు. లేచేటప్పుడు కాళ్లకింద ఇసుక జారి తూలారు, ఇద్దరు పట్టుకున్నారు. గట్టు మీద మా అమ్మ తువ్వాలు పట్టుకుని నిలబడింది. ఆయన తల తుడుచుకుంటూ అమ్మతో అన్నారు, "నువ్వొక్కసారి అడిగుంటే ఎప్పుడో దిగేవాణ్ణి." అమ్మ ఏమీ అనలేదు. ఆ రాత్రి నాకు అన్నం వడ్డిస్తూ, "ఆయనే అడుగుతారని చూశానే ఇన్నాళ్లూ" అంది. గరిటె గిన్నెలోనే వదిలేసి కొంగుతో మొహం తుడుచుకుంది.

మీవారితో ఈ వారంలోనే మాట్లాడండి. చిన్నపిల్లని మీ అమ్మగారింటికో చెల్లెలింటికో ఒక పూట పంపండి. ఆయన్ని నిలదీసినట్టు కాకుండా, "నేను కూడా దాచాను, నాకు భయమేసింది" అని మీ వైపు నుంచి మొదలుపెట్టండి. ఆయనకి కోపం రావచ్చు. ఆ కోపం కింద ఉన్నది భయమే, అది మీకు నాకంటే బాగా తెలుసు.

చెంపదెబ్బ సంగతి మాత్రం వీటిలో కలపొద్దు. ఎదిగిన ఆడపిల్ల నిజం అడిగితే కొట్టారు. దానికి ఆయన ఆ పిల్లకి తప్పయిందని చెప్పాలి. సంఘంలో పెద్ద అయితే ఇంట్లో ఇంకా ముందు చెప్పాలి. ఈ మాట మెత్తగా అనండి గానీ వెనక్కి తీసుకోకండి. మళ్లీ చెయ్యెత్తితే మధ్యలో నిలబడండి, ఎవరేమనుకున్నా సరే.

పాస్టరుగారి దగ్గరికి అమ్మాయి ఒక్కతే వెళ్లి పేరిచ్చింది. ఈస్టర్ లోపు ఒకసారి మీరిద్దరూ కూడా ఆయన దగ్గరికి వెళ్లండి. మీ అమ్మాయితో ఏం మాట్లాడాలని మళ్లీ నన్ను అడగకండి. ఆయనతో ఏం మాట్లాడారో, ఆయన ఏమన్నారో మాత్రం రాయండి. నేను ఎదురుచూస్తుంటాను.