సీసా ఏదమ్మా అని అడుగు

అమ్మలూ,

సోమవారం నుంచి పిల్లల క్యాజువాలిటీలో డ్యూటీ అన్నావు. సెలైన్లు, ఇంజెక్షన్లు నీకొచ్చు, వాటి గురించి నేను చెప్పేదేం లేదు. విషం కేసుల్లో తల్లిని ఎలా అడగాలన్నది మాత్రం నాకు చాలా ఆలస్యంగా తెలిసింది. అది చెబుతా.

బోరబండ నుంచి ఒకావిడ రెండేళ్ల బాబును ఎత్తుకొచ్చింది. ఒకటే దగ్గు, నోటి నుంచి కిరోసిన్ వాసన. ఆమేమో "నీళ్లే తాగిండు మేడం" అంటోంది. వెనకాల అత్తగారు నిలబడి ఉంది, అదీ సంగతి. చీటీ రాయించుకు రమ్మని పెద్దావిడను కౌంటర్‌కు పంపా. ఆవిడ అటు వెళ్లగానే ఈమె సంచిలోంచి కూల్‌డ్రింక్ సీసా తీసింది. మూత మీద పాలపళ్ల గాట్లు. రంగులవాళ్లు బ్రష్షులు కడగడానికి పోసి పెట్టుకున్న కిరోసిన్ అట. దారిలో ఉప్పునీళ్లు పట్టి కక్కించారు కూడా!

కిరోసిన్ కడుపులో ఉన్నప్పటికన్నా, కక్కేటప్పుడు ఊపిరితిత్తుల్లోకి పోతేనే ఎక్కువ ముప్పు. గొట్టం వేసి కడుపు కడగడానికీ తొందరపడకూడదు. బాత్రూం యాసిడ్ తాగినా కక్కించొద్దు. బిడ్డ ఆడుకుంటున్నా కనీసం 6 గంటలు ఊపిరి లెక్కపెడుతూ ఉంచుకోవాలి.

తల్లిని తిట్టకు. నేను తిట్టేదాన్ని, మొదట్లో. తిడితే నోరు విప్పరు.

ఏమీ తెలియదంటే ఇంట్లో ఏమేం ఉన్నాయో అడుగు. తాతకు షుగరుందా? ఆ బిళ్లల్లో కొన్ని, ఒక్కటి మింగినా గంటల తర్వాత బిడ్డకు షుగర్ పడిపోతుంది. మత్తుగా ఉంటే ముందు వేలు గుచ్చి చూడు. ఫిట్స్‌తో వస్తే పూజగదిలో కర్పూరం సంగతి అడుగు. చొంగ, చెమట, సూదిమొనంత కంటిపాపలు కనిపిస్తే పురుగుమందు అనుకో. గ్లౌజులు వేసుకుని బట్టలు తీసి ఒళ్లు కడుగు. ఎలుకల పేస్టు తిన్న బిడ్డ మొదటిరోజు బాగానే కనిపిస్తుంది, నమ్మకు, లివర్ తర్వాత దెబ్బతింటుంది. కలరా ఉండ మింగితే, రెండు మూడు రోజుల్లో మూత్రం నల్ల టీ రంగులో వస్తే పరుగున రమ్మని చెప్పి పంపు.

ఎటూ తేలకపోతే ఢిల్లీ ఎయిమ్స్ విష సమాచార కేంద్రానికి ఫోన్ చేయించు: 1800 116 117. అర్ధరాత్రయినా మొహమాటపడకండి.

బోరబండ బాబు నాలుగో రోజు ఇంటికెళ్లాడు. అత్తగారు మందుల చీటీ మడిచి కొంగున కట్టుకుంటూ, "కోడలికి చెప్పకు సిస్టర్, సీసా గుమ్మంలో పెట్టింది నేనే" అంది.

నీ మేనత్త