చదువు ముగిశాక జర్మనీలో ఉండాలంటే

ప్రశ్న: నేను జర్మనీలో మెకానికల్ ఇంజినీరింగ్‌లో మాస్టర్స్ చేస్తున్నాను. రెండు నెలల్లో థీసిస్ పూర్తవుతుంది. ఆ తర్వాత కూడా నా విద్యార్థి పర్మిట్‌కు మూడు నెలల గడువు మిగులుతుంది. ఉద్యోగం దొరికేదాకా విదేశీయుల కార్యాలయం గడప తొక్కవద్దని తోటివారు చెబుతున్నారు. వారి మాట వినవచ్చా? శాశ్వత నివాసం ఎప్పటికి వస్తుంది? — ఒక పాఠకుడు

జవాబు: ఆ మాట వినవద్దు. విద్యార్థి పర్మిట్ చదువుకోవడానికి ఇచ్చినది కనుక, పట్టా వచ్చాక దాని ప్రయోజనం తీరిపోయినట్లే. అక్కడి నివాస చట్టంలోని 20వ సెక్షన్ ప్రకారం, జర్మన్ విశ్వవిద్యాలయంలో చదువు పూర్తిచేసినవారికి ఉద్యోగం వెతుక్కోవడానికి 18 నెలల వరకు పర్మిట్ ఇస్తారు. జీవనాధారానికి తగిన డబ్బు, ఆరోగ్య బీమా ఉన్నట్లు చూపాలి. ఈ పర్మిట్‌ను 18 నెలలకు మించి పొడిగించరు. ఈలోగా మంచి ఉద్యోగం దొరికితే దీని అవసరమే లేకుండా నేరుగా ఉద్యోగ పర్మిట్‌కు దరఖాస్తు చేసుకోవచ్చు.

అన్నిటికంటే ముఖ్యమైనది ప్రస్తుత పర్మిట్ గడువు ముగిసే తేదీ. ఆ తేదీకి ముందే దరఖాస్తు చేస్తే, కార్యాలయం నిర్ణయం వెలువడే వరకు మీ పాత పర్మిట్ చెల్లుతున్నట్లుగానే చట్టం పరిగణిస్తుంది. దానికి రుజువుగా ఇచ్చే పత్రాన్నే ‘ఫిక్సియోన్స్‌బెషైనిగుంగ్’ అంటారు. పెద్ద నగరాల్లో అపాయింట్‌మెంట్ దొరకడానికే నెలలు పట్టవచ్చు కాబట్టి, తుది ఫలితం వచ్చిన వెంటనే లిఖితపూర్వకంగా దరఖాస్తు పంపి, పంపినట్లు ఆధారం భద్రపరచుకోండి. గడువు దాటాక పరుగులు పెట్టినవారు ఎంత ఆందోళన పడతారో తెలిసే ఇంత గట్టిగా చెబుతున్నాను.

ఇక ఉద్యోగం. నైపుణ్యం అవసరమైన ఉద్యోగమైతే సాధారణ ఉద్యోగ పర్మిట్ లభిస్తుంది. జీతం తగినంత ఉంటే ఈయూ బ్లూ కార్డుకు (ఉన్నత విద్య ఉన్న విదేశీ ఉద్యోగులకు ఇచ్చే నివాస పర్మిట్) ప్రయత్నించండి. 2025లో దానికి కావలసిన కనీస వార్షిక వేతనం 48,300 యూరోలు ఉండేది; పట్టా పొంది మూడేళ్లు దాటనివారికి మాత్రం ప్రభుత్వ ఉపాధి సంస్థ ఆమోదంతో 43,759.80 యూరోలు సరిపోయేవి. ఈ పరిమితులు ఏటా మారుతాయి కనుక, ఒప్పందంపై సంతకం చేసేముందు ఆ ఏటి అంకెను సరిచూసుకోండి.

శాశ్వత నివాసం విషయంలో భాషే మీ చేతిలో ఉన్న బలం. బ్లూ కార్డు ఉన్నవారు ఏ1 (ప్రాథమిక) స్థాయి జర్మన్‌తో 27 నెలలకు, బీ1 (మధ్యమ) స్థాయితో 21 నెలలకే అర్హులవుతారు. సాధారణ ఉద్యోగ పర్మిట్‌పై ఉన్నా, జర్మన్ పట్టా ఉన్నందువల్ల రెండేళ్ల ఉద్యోగం, 24 నెలల పింఛను చందా, బీ1 జర్మన్ ఉంటే దరఖాస్తు చేసుకోవచ్చు. ఉద్యోగం వెతుక్కునే కాలం ఈ రెండేళ్లలో కలవదు. ఉద్యోగంలో చేరాక సాయంత్రం తరగతులకు ఓపిక ఉండదు. థీసిస్ రాస్తున్న ఈ రోజుల్లోనే బీ1 పరీక్షకు సిద్ధం కావడం మేలని నా అభిప్రాయం.

ప్రశ్న: మా అమ్మాయి జర్మనీలోనే చదువు ముగించి, 18 నెలల పర్మిట్‌పై ఉంటూ గిడ్డంగిలో పనిచేస్తోంది. ఇది నిబంధనలకు విరుద్ధమా? — ఒక తల్లి

జవాబు: కాదమ్మా. చదువుకునేటప్పుడు ఏడాదికి 140 పూర్తి పనిదినాలన్న పరిమితి ఉంటుంది గానీ, ఈ పర్మిట్‌పై ఏ పనైనా, ఎన్ని గంటలైనా చేయవచ్చు. అయితే గిడ్డంగి పని ఆధారంగా తర్వాత ఉద్యోగ పర్మిట్ రాదు. దరఖాస్తులకూ ఇంటర్వ్యూలకూ వారంలో కొన్ని రోజులైనా ఖాళీగా ఉంచుకోమని ఆమెకు చెప్పండి.