టర్మ్ పాలసీని హోల్ లైఫ్‌గా మార్చుకోవాలా?

ప్రశ్న: నాకు 44 ఏళ్లు, డల్లాస్‌లో ఉంటాం. 2017లో 20 ఏళ్లకు 5 లక్షల డాలర్ల టర్మ్ పాలసీ (ఆ గడువులోపు చనిపోతేనే కుటుంబానికి డబ్బొచ్చే జీవిత బీమా) తీసుకున్నాను. ఈమధ్య షుగర్ బయటపడింది. ఏజెంటేమో ‘మీది కన్వర్టిబుల్, అంటే మార్చుకునే హక్కున్న పాలసీ, హోల్ లైఫ్‌కి (జీవితాంతం ఉండే బీమాకి) మార్చేసుకోండి’ అంటున్నాడు. మార్చాలా?

జవాబు: కంగారుపడి సంతకం పెట్టకండి. షుగర్ వచ్చింది కాబట్టే ఈ సదుపాయానికి ఇప్పుడు విలువ, ఎందుకంటే మార్చుకునేటప్పుడు మళ్లీ మెడికల్ టెస్టులుండవు, మొదట్లో మీ ఆరోగ్యాన్ని ఏ కేటగిరీలో వేశారో మామూలుగా అదే కొనసాగుతుంది. వయసు మాత్రం ఇప్పటిదే లెక్కేస్తారు, పైగా హోల్ లైఫ్ కదా, అదే కవరేజీకి ప్రీమియం చాలా రెట్లవుతుంది. (ఏజెంటుకి కమీషన్ కూడా వస్తుంది, తప్పని కాదు, గుర్తుంచుకోమని.)

ముందు పాలసీ కాగితాల్లో ‘కన్వర్షన్’ పేజీ తీసి గడువు చూడండి. టర్మ్ 20 ఏళ్లున్నా కొన్ని కంపెనీలు ఈ హక్కు మొదటి 10 ఏళ్లకే ఇస్తాయి, మీదీ అలాంటిదైతే 2027తో అయిపోతుంది. ఇంకొన్ని 65, 70 ఏళ్ల వయసు దాకా ఇస్తాయి. గడువు దూరంగా ఉంటే ఆగొచ్చు. పిల్లల చదువులు, ఇంటి లోను తీరేదాకా కవరేజీ చాలనుకుంటే అసలు మార్చక్కర్లేదు, టర్మే నయం. గడువు దగ్గరపడితే మాత్రం ఒక లక్ష డాలర్లే మార్చి మిగతాది టర్మ్‌గా ఉంచుతారా అని కంపెనీనే అడగండి, చాలా కంపెనీలు ఒప్పుకుంటాయి.