ఐరన్ సిరప్‌ది తప్పు కాదమ్మా, రాత్రి సీసాది

ప్రశ్న: మాది ఒడిశాలోని గుణుపురం. మా పాపకి 20 నెలలు. పై వరస ముందు పళ్ళ మీద చిగురు పక్కన మొదట తెల్ల గీతలు వచ్చాయి. ఇప్పుడు రెండు పళ్ళ మీద అవి గోధుమ రంగుకి తిరిగాయి. ఆశా దీదీ ఇచ్చిన ఐరన్ సిరప్ వల్లే ఇలా అయిందని ఇంట్లో అందరూ అంటే మానిపించేశాం. పాపకి రాత్రి పాల సీసా నోట్లో ఉంటేనే నిద్ర. పాలలో చెంచాడు పంచదార వేస్తాం. ఒక్కోసారి అంగన్‌వాడీలో ఇచ్చే ఛతువా పిండి పల్చగా కాచి అదే సీసాలో పోస్తాం. మా అత్తగారు ఇది పన్ను పురుగని, తాను వాడే గుడాఖు వేలితో కాస్త రాస్తే పోతుందని అంటున్నారు. పాలపళ్ళే కదా, ఎలాగూ ఊడిపోతాయని మా ఆయన. నాకిప్పుడు ఆరో నెల. పుట్టబోయే బిడ్డకైనా ఇలా కాకుండా ఏం చేయాలి?

డాక్టర్ జవాబు: అమ్మా, ముందు గుడాఖు సంగతి తేల్చేద్దాం. వద్దు. వేలి కొసకి అంటినంత కూడా వద్దు. అది పళ్ళపొడి కాదు, బెల్లపు మడ్డిలో కలిపిన పొగాకు. దానిలోని నికోటిన్ పసిపిల్లల ఒంట్లోకి వెళ్తే వాంతులు, మగత, ఎక్కువైతే ఫిట్స్ కూడా రావచ్చు. మీ అత్తగారి మీద కోపం తెచ్చుకోకండి. గుడాఖు పెట్టుకున్నప్పుడు చిగురు మొద్దుబారి నొప్పి తగ్గినట్టు ఆవిడకి అనిపించి ఉంటుంది, మనవరాలికీ అదే మేలనుకుంటున్నారు. ఆ డబ్బా మాత్రం పాపకి అందని ఎత్తులో పెట్టించండి. ఇక పురుగంటారా, పన్నులో పురుగు ఉండదు. వాకుడు గింజల పొగ పట్టించి పురుగులు రాల్చి చూపించేవాళ్ళు ఆంధ్రా-ఒడిశా సరిహద్దుకి అటూ ఇటూ ఇంకా ఉన్నారు. ఆ రాలేవి పన్నులోంచి వచ్చినవి కావు.

ఐరన్ మందుతో పళ్ళు నల్లబడడం నిజమే. కానీ అది పైపూత. పన్ను నున్నగానే ఉంటుంది, గుంట పడదు, దంత వైద్యులు పాలిష్ చేస్తే పోతుంది. మీరు రాసినది వేరే కథ. ముందు తెల్ల గీత, ఆ తర్వాత గోధుమ రంగు, అదీ చిగురు అంచున, పై ముందు పళ్ళకే. కింద ముందు పళ్ళు ఎలా ఉన్నాయో మీరు రాయలేదు. అవి శుభ్రంగానే ఉండి ఉంటాయని నా అంచనా. సీసా చీకేటప్పుడు నాలుక కింది పళ్ళని కప్పేస్తుంది, లాలాజలం ఊరే గ్రంథులూ అక్కడే ఉంటాయి. పై పళ్ళకి ఆ అండ లేదు, పాలు వాటి చుట్టూ నిలవ ఉంటాయి. పాలసీసాతో పట్టే పుచ్చుకి ఇంతకంటే మంచి ఆనవాలు లేదు.

కాబట్టి సిరప్ మళ్ళీ మొదలుపెట్టండి. 6 నెలల నుంచి 5 ఏళ్ళ దాకా వారానికి రెండుసార్లు 1 మి.లీ. చొప్పున ఇస్తారు, రక్తం పట్టడానికి అది అవసరం. నాలుక వెనక భాగంలో పడేలా వేసి, పైన రెండు గుక్కల నీళ్ళు పట్టండి, మరక తగ్గుతుంది.

అసలు పుచ్చు ఎలా పడుతుందో చెబితే మిగతాది మీకే తెలిసిపోతుంది. నోట్లో ఉండే సూక్ష్మజీవులు పంచదారని పులియబెట్టి ఆమ్లం చేస్తాయి. తీపి తిన్న ప్రతిసారీ అరగంటో ఇంకాస్తో ఆ ఆమ్లం పన్ను పైపొరని కరిగిస్తుంది. తర్వాత లాలాజలం వచ్చి కడిగి, పోయిన సున్నాన్ని కొంత తిరిగి పూడుస్తుంది. నిద్రలో లాలాజలం దాదాపు ఊరదు. అంటే రాత్రి పది గంటలకి నోట్లో పెట్టిన తీపి పాలు తెల్లారేదాకా ఆ పనే చేస్తుంటాయి. పాలపళ్ళ పైపొర పెద్దవాళ్ళ పళ్ళ పొరకంటే పల్చన, ఆమ్లం దాన్ని త్వరగా తినేస్తుంది. పంచదార ఎంత వేశారన్నదానికంటే అది పంటిని ఎంతసేపు, ఎన్నిసార్లు తాకిందన్నదే పెద్ద లెక్క. అందుకే రోజంతా చేతిలో బిస్కెట్టు, టీలో ముంచిన రస్కు కూడా ఈ కోవలోకే వస్తాయి.

ఛతువా మానొద్దు. గోధుమ, శనగ, వేరుశనగ ఉన్న బలమైన తిండి అది. కానీ దానిలో పంచదార ముందే కలిపి ఉంటుంది. పగలు గట్టిగా కలిపి చెంచాతో తినిపించి, తర్వాత నీళ్ళు పట్టండి. సీసాలోకి మాత్రం అది పోకూడదు.

సీసా మాన్పించడం ఒక్క రాత్రిలో అయ్యే పని కాదు, నాకు తెలుసు. మొదట పంచదార తీసేయండి. తర్వాత రెండు రోజులకోసారి పాలు కొంచెం తగ్గించి నీళ్ళు కొంచెం పెంచుతూ పొండి. పది పదిహేను రోజుల్లో సీసాలో ఒట్టి నీళ్ళే మిగులుతాయి, పాపకే దానిమీద మోజు పోతుంది. మూడు నాలుగు రాత్రులు ఏడుస్తుంది, ఇంట్లో అందరూ ఒక మాట మీద ఉండాలి. మీరు గట్టిగా ఉండి, వాళ్ళ నాన్న జాలిపడి తీపి పాలు కలిపి ఇచ్చాడా, మళ్ళీ మొదటికొస్తుంది. పాలు పడుకునే ముందు గ్లాసుతో పట్టి, ఆ తర్వాత పళ్ళు తోమి పడుకోబెట్టండి.

తోమడం మీ చేత్తోనే జరగాలి. పాపని పడుకోబెట్టి తల మీ ఒళ్ళో పెట్టుకోండి, పై పెదవి ఎత్తి, మెత్తని చిన్న బ్రష్‌తో చిగురు అంచు దాకా తోమండి. పేస్టు బియ్యపు గింజంత చాలు. మూడేళ్ళు దాటాక బఠానీ గింజంత. డబ్బా మీద 1000 పీపీఎం ఫ్లోరైడ్ అని ఉందో లేదో చూడండి, బొమ్మలేసి పిల్లల పేస్టని అమ్మే కొన్నిట్లో ఫ్లోరైడే ఉండదు. ఉమ్మడం రాకపోతే తడిగుడ్డతో తుడిస్తే సరి. మీ బోరు నీళ్ళలో ఫ్లోరైడ్ ఎక్కువని పరీక్షలో తేలి ఉంటే మాత్రం ముందు దంత వైద్యుల్ని అడగండి. రోజుకి రెండుసార్లు, కుదరకపోతే రాత్రిది వదలొద్దు.

పాలపళ్ళు ఊడిపోతాయన్న మీ ఆయన మాట సగమే నిజం. ముందు పళ్ళు ఆరేడేళ్ళ దాకా ఉండాలి, వెనక దవడ పళ్ళు పది పన్నెండేళ్ళ దాకా. అవి ముందే పోతే పక్క పళ్ళు ఒరిగి, వచ్చే శాశ్వత పళ్ళకి చోటుండదు. నొప్పితో పిల్ల తిండి మానేస్తుంది, బరువు తగ్గుతుంది.

తెల్లగా ఉన్న చోట పన్ను ఇంకా కోలుకుంటుంది. ఫ్లోరైడ్ వార్నిష్ పూస్తారు, రెండు నిమిషాల పని, మూడు నుంచి ఆరు నెలలకోసారి. గోధుమ రంగు చోట గుంట పడి ఉంటే సిల్వర్ డయామిన్ ఫ్లోరైడ్ అనే మందు చుక్క వేసి పుచ్చుని అక్కడికి ఆపొచ్చు. మత్తు, డ్రిల్లింగ్ అక్కర్లేదు, కానీ పుచ్చిన భాగం నల్లగా మారి అలాగే ఉంటుంది. ఇది ముందే చెబుతున్నాను, తర్వాత చూసి బెంగపడకుండా. ఈ సిల్వర్ డయామిన్ ఫ్లోరైడ్‌ని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో అత్యావశ్యక మందుల జాబితాలో చేర్చింది. జిల్లా కేంద్ర ఆసుపత్రిలో దంత వైద్యులుంటారు. అంగన్‌వాడీకి ఏడాదికి రెండుసార్లు వచ్చే ఆర్‌బీఎస్‌కే (పిల్లల ఆరోగ్య పరీక్షల ప్రభుత్వ పథకం) బృందం పిల్లల పళ్ళు కూడా చూస్తుంది, వాళ్ళకీ చూపించండి. చిగురు మీద చీము పొక్కు, మొహం వాపు, జ్వరం, వీటిలో ఏది కనిపించినా ఆ రోజే వెళ్ళాలి.

ఇక పుట్టబోయే బిడ్డ. ఆ సూక్ష్మజీవులు బిడ్డ నోట్లోకి ఎక్కువగా వచ్చేది తల్లి ఎంగిలితోనే. మీ నోట్లో పుచ్చు పళ్ళుంటే ఇప్పుడే బాగు చేయించుకోండి. ఆరో నెల దానికి మంచి సమయం, కడుపుతో ఉన్నారని దంత వైద్యులకి చెబితే మందులు దానికి తగ్గట్టే ఇస్తారు. బిడ్డ చెంచాని మీరు నోట్లో పెట్టి వేడి చూడకండి. ముద్దులు మానమనడం లేదు, అంత నిష్ఠూరం నాకెందుకు! ఆరు నెలల దాకా తల్లిపాలు తప్ప తేనె, పంచదార నీళ్ళు ఏవీ వద్దు. ఏడాది నిండేదాకా తేనె పళ్ళకే కాదు, ప్రాణానికీ ప్రమాదమే. పుచ్చు భయంతో తల్లిపాలు మాన్పించొద్దు, రెండేళ్ళూ ఇవ్వండి. పళ్ళు వచ్చాక మాత్రం రొమ్ము నోట్లో పెట్టుకునే రాత్రంతా నిద్రపోయే అలవాటు చేయకండి. పాలు పట్టాల్సి వస్తే మీ ఇంట్లో ఉగ్గుగిన్నె ఉంటుంది కదా, అది సీసా కంటే వెయ్యి రెట్లు నయం, కడగడమూ తేలిక. మొదటి పన్ను ఆరో నెల అటూ ఇటూగా వస్తుంది, తోమడం ఆ రోజే మొదలు. మొదటి పుట్టినరోజు లోపు ఒకసారి దంత వైద్యులకి చూపించాలి. పై పన్ను ముందొస్తే మేనమామకి గండమని ఎవరైనా అంటే నవ్వేసి, దాన్నీ బ్రష్ చేయండి.

పాపని తీసుకెళ్ళిన రోజే మీ నోరూ చూపించుకోండి. ఈ నెలలోనే వెళ్ళండి, నెలలు నిండే కొద్దీ ఆ కుర్చీలో వెల్లకిలా పడుకోవడం మీకే కష్టం.